గడ్డని కరగనివ్వనిది ఎవరు? ప్లాస్మా, ప్లేట్‌లెట్ల ప్రాజెక్టు డైరీ

భీమవరంలో మాది చిన్న ల్యాబు. ఎమ్మెల్టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) పిల్లలు ప్రాజెక్టుకి వస్తుంటారు. ఈసారి ఎత్తుకున్నది, రక్తపు గడ్డ కరగకుండా ప్లాస్మాలోనూ (కణాలు తీసేస్తే మిగిలే రక్తద్రవం) ప్లేట్‌లెట్లలోనూ అడ్డం పడే ప్రోటీన్ల సంగతి. ఇదే పని ఇంకెవరైనా చేయాలనుకుంటే మా డబ్బు, మా ప్లాస్మా ఎక్కడ వృథా అయ్యాయో తెలియాలని రాస్తున్నాను.

ఉన్న సామాను: బకెట్ సెంట్రిఫ్యూజ్ (వ్యాసార్థం 12 సెం.మీ.), సెల్ కౌంటర్, 405, 450, 630 ఫిల్టర్లున్న ఎలైజా రీడర్, 37 డిగ్రీల ఇంక్యుబేటర్, వాటర్ బాత్. లేనిది: మైనస్ 80 ఫ్రీజర్. రక్తం ఇచ్చినవాళ్లంతా ల్యాబు, కాలేజీ మనుషులే. కమిటీ అనుమతి, ఒక్కొక్కరి సంతకం ముందే తీసుకున్నాం. పది రోజుల్లోపు ఆస్పిరిన్ మింగినవాళ్లని వద్దన్నాం.

ఎవరి పని ఏమిటో ముందు చెప్పుకోవాలి. గడ్డకి చట్రం ఫైబ్రిన్. దాన్ని కోసే ఎంజైము ప్లాస్మిన్. అది రక్తంలో ప్లాస్మినోజన్ రూపంలో పని చేయకుండా తిరుగుతుంటుంది. రక్తనాళపు గోడ నుంచి వచ్చే టీపీఏ (టిష్యూ ప్లాస్మినోజన్ యాక్టివేటర్) గానీ, యూరోకైనేజ్ గానీ దాన్ని ప్లాస్మిన్‌గా మారుస్తాయి. అడ్డం పడేవి ముఖ్యంగా మూడు. ఆల్ఫా-2 యాంటీప్లాస్మిన్ నేరుగా ప్లాస్మిన్‌నే పట్టేస్తుంది. పీఏఐ-1 (ప్లాస్మినోజన్ యాక్టివేటర్ ఇన్హిబిటర్-1) ఒక మెట్టు ముందే టీపీఏని, యూరోకైనేజ్‌ని పట్టేస్తుంది. టీఏఎఫ్‌ఐ (త్రాంబిన్ యాక్టివేటబుల్ ఫైబ్రినోలిసిస్ ఇన్హిబిటర్) ఎవరినీ పట్టదు. ఫైబ్రిన్ కొసల్లో ప్లాస్మినోజన్ తగులుకునే లైసిన్లని కత్తిరించి పారేస్తుంది. రక్తంలో ఉన్న పీఏఐ-1లో చాలా భాగం ప్లాస్మాలో కాదు, ప్లేట్‌లెట్ల ఆల్ఫా గుళికల్లో దాగి ఉంటుంది. మా తిప్పలన్నీ ఆ ఒక్క వాక్యం దగ్గరే మొదలయ్యాయి.

దశ 1: యూగ్లోబ్యులిన్ పరీక్ష

పాత పద్ధతే, ఖర్చు తక్కువ. ప్లాస్మాని చన్నీళ్లలో పలచన చేసి కాస్త ఆమ్లం కలిపితే ఫైబ్రినోజన్ (ఫైబ్రిన్‌కి ముడిసరుకు), ప్లాస్మినోజన్, టీపీఏ అడుక్కి దిగుతాయి, ఆ మడ్డే యూగ్లోబ్యులిన్. యాంటీప్లాస్మిన్ చాలావరకు పైనీటిలోనే ఉండిపోతుంది, దాన్ని వంపేస్తాం.

1. సిట్రేట్ రక్తం (9 పాళ్లు రక్తం, 1 పాలు 3.2 శాతం సిట్రేట్; కాల్షియాన్ని పట్టేసి రక్తాన్ని గడ్డ కట్టనివ్వదు) 3,500 ఆర్పీఎం, 15 నిమిషాలు.
2. అర మి.లీ. ప్లాస్మా, 9 మి.లీ. ఐసులో పెట్టిన డిస్టిల్డ్ వాటర్.
3. 1 శాతం ఎసిటిక్ ఆమ్లం చుక్కచుక్కగా, పీహెచ్ 5.9 వచ్చేదాకా.
4. ఐసులో పావుగంట, మళ్లీ స్పిన్, పైనీరు పూర్తిగా వంపు. ట్యూబు అంచు టిష్యూతో తుడవాలి.
5. అడుగున మిగిలింది అర మి.లీ. బోరేట్ బఫర్‌లో కరిగించి, కాల్షియం పోసి, 37 డిగ్రీల్లో గడ్డ కట్టించి, కరిగేదాకా చూడటం.

మొదట అడుక్కి దాదాపు ఏమీ దిగలేదు. పీహెచ్ కాగితం 6 చూపిస్తోంది, నీళ్లు మాత్రం తేటగానే ఉన్నాయి. కాగితం అర పాయింటు అటూ ఇటూ అయినా మనకి తెలియదు, ఈ పనికి అర పాయింటంటే మొత్తం పనే. పక్క వీధిలో చెరువు నీళ్లు పరీక్ష చేసే ఆక్వా ల్యాబు నుంచి పీహెచ్ మీటరు అరువు తెచ్చి చూస్తే 6.6. మన డెల్టాలో రొయ్యల పుణ్యమా అని మంచి పీహెచ్ మీటరుకి కొదవ లేదు, వాడుకోండి. బ్యాటరీ షాపు నీళ్లు మానేసి తాజా డిస్టిల్డ్ వాటర్ తెచ్చాక తెల్లటి మడ్డి బాగా దిగింది.

కొలతలు, ఒకే మనిషి రక్తం:
- మామూలు ప్లాస్మా గడ్డ, ఏ మందూ కలపకుండా: మర్నాడు పొద్దుటికీ అలాగే ఉంది.
- యూగ్లోబ్యులిన్ గడ్డ: 3 గంటల 20 నిమిషాలకి కరిగింది.
- చేతికి బీపీ కఫ్ పది నిమిషాలు బిగించాక తీసిన రక్తం, యూగ్లోబ్యులిన్ గడ్డ: 1 గంట 50 నిమిషాలు. కఫ్ బిగిస్తే నాళం గోడ టీపీఏ వదులుతుంది.

అదే టీపీఏ, అదే ఫైబ్రిన్. వంపేసిన నీళ్లలో ఏం పోయిందో అదే మామూలు గడ్డని కాపాడుతోంది. అయితే ఈ పద్ధతిలో పీఏఐ-1 కొంత అడుక్కి, కొంత పైకి పోతుంది కాబట్టి ప్లేట్‌లెట్ల సంగతి దీనితో తేలదు.

ఖర్చు: ట్యూబులు 520, ఆమ్లం, బోరాక్స్ వగైరా 310. మొత్తం 830 రూపాయలు.

(సార్వా నాట్ల కాలంలో రక్తపింజర కాటు కేసులకి 20 నిమిషాల గాజుట్యూబు పరీక్ష చేసే కుర్రాళ్లు, అదీ గడ్డ కరగడమేనా అని అడిగారు. ముఖ్యంగా కాదు. ఆ విషం గడ్డ కట్టించే ప్రోటీన్లైన పదో, ఐదో ఫ్యాక్టర్లని రెచ్చగొట్టి ఫైబ్రినోజన్‌ని ఖర్చు చేసేస్తుంది, గడ్డ కట్టడానికి సరుకే మిగలదు. కరగడం దాని వెనకాల వచ్చే సంగతి.)

దశ 2: స్ట్రెప్టోకైనేజ్. కొనొద్దు

పాత బ్యాచ్ రిపోర్టులో ప్లేట్‌లెట్లున్న ప్లాస్మాకీ లేని ప్లాస్మాకీ స్ట్రెప్టోకైనేజ్ పోసి తేడా లేదని రాశారు. గుండెపోటుకి వాడే మందు, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది కదా అని దాంతోనే మొదలైంది. మాకూ తేడా రాలేదు. రాదు కూడా. ఇది బ్యాక్టీరియా ప్రోటీను. తనంతట తాను ఏమీ కోయదు, ప్లాస్మినోజన్‌తో జతకట్టి ఆ జతే ఎంజైములా పనిచేస్తుంది. పీఏఐ-1కి దానిమీద పట్టు లేదు. పైగా ఎప్పుడో గొంతునొప్పి చేసినవాళ్ల రక్తంలో దీనికి యాంటీబాడీలుంటాయి, మనిషి మనిషికీ సమయం మారిపోతుంది.

ఖర్చు: 1,650. మొత్తం 2,480.

దశ 3: యూరోకైనేజ్, ప్లేటు మీద కొలత

దీన్ని పీఏఐ-1 పట్టుకోగలదు. 5 లక్షల యూనిట్ల వయలు తెచ్చాం. ట్యూబు వంచి చూస్తూ కూర్చోవడం మానేసి 96 గుంటల ప్లేటులో 405 నానోమీటర్ల దగ్గర మసక కొలిచాం. గడ్డ కడితే రీడింగు పెరుగుతుంది, కరిగితే దిగుతుంది. పై అంచుకీ కింది అంచుకీ సరిగ్గా మధ్యకి దిగిన సమయమే 'సగం కరిగిన సమయం'. సెమీ ఆటో అనలైజరులో 405 ఫిల్టరుంది కదా అని అందులో పెట్టొద్దు. అది ఫ్లో సెల్లులోకి పీల్చుకుంటుంది, లోపల గడ్డ కడితే మెకానిక్కుని పిలవాల్సిందే.

ఇక్కడ వచ్చిన చిక్కులు వరసగా:

కాల్షియం. ఏపీటీటీ (గడ్డ కట్టే సమయం చూసే పరీక్ష) కిట్టులోని 25 మిల్లీమోలార్ కాల్షియం వాడితే గడ్డ నీళ్లనీళ్లగా, ఆలస్యంగా కట్టింది. లెక్క వేస్తే, సిట్రేట్ అంతా ప్లాస్మాలోనే ఉంటుంది కాబట్టి ప్లాస్మాలో దాని గాఢత దాదాపు 18 మిల్లీమోలార్. సగం పలచన చేసినా 9. మేం పోసిన కాల్షియం 100 మైక్రోలీటర్లలో 6.25కి పడిపోతోంది. సిట్రేటుకే చాలదు. కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 0.88 గ్రాములు 100 మి.లీ.లో కరిగిస్తే 60 మిల్లీమోలార్. అందులో 25 మైక్రోలీటర్లు పోస్తే చివరికి 15. గడ్డ నాలుగు నిమిషాల్లో గట్టిగా కట్టింది.

మూత మీద ఆవిరి. రీడరుకి వేడి లేదు, ఇంక్యుబేటర్ నుంచి ప్లేటు తీసి ఏసీ గదిలోకి తెచ్చేసరికి మూత చెమటపట్టి రీడింగు 0.2 పైకి ఎగిరింది. గుంటలకి పారదర్శక టేపు వేసి, చదివేముందు హెయిర్ డ్రయ్యరుతో ఓ క్షణం పైనుంచి ఊదాం. ఏసీ కూడా కట్టేశాం. పిల్లలు తిట్టుకున్నారు గానీ రీడింగు నిలబడింది.

మందు గాయబ్. పలచన చేసిన యూరోకైనేజ్ గంటలో బలం కోల్పోయింది. ఇంత పలచటి ప్రోటీను ప్లాస్టిక్ గోడకి అంటుకుపోతుంది. బ్లడ్ గ్రూపింగుకి వాడే 22 శాతం బొవైన్ ఆల్బుమిన్ 50 మైక్రోలీటర్లు 11 మి.లీ. సెలైన్‌లో కలిపితే 0.1 శాతం. ఆ తర్వాత పలచనలన్నీ దాంట్లోనే.

కొలతలు, ప్లేట్‌లెట్లు లేని ప్లాస్మా:
- మి.లీ.కి 100 యూనిట్లు: 3 గంటలకీ కరగలేదు.
- 200 యూనిట్లు: 88 నిమిషాలు.
- 400 యూనిట్లు: 34 నిమిషాలు.

100కీ 200కీ మధ్య ఉన్నది మెట్టు, వాలు కాదు. ప్లాస్మాలో ప్లాస్మినోజన్ సుమారు 2 మైక్రోమోలార్, యాంటీప్లాస్మిన్ సుమారు 1. పుట్టిన ప్లాస్మిన్‌ని యాంటీప్లాస్మిన్ పుట్టినట్టే పట్టేస్తుంది. దాని నిల్వ అయిపోయేదాకా బయటికి ఏమీ జరిగినట్టు కనపడదు, అయిపోగానే గడ్డ ఒక్కసారిగా జారిపోతుంది. యాంటీప్లాస్మిన్‌లో కొంత భాగం పదమూడో ఫ్యాక్టరు చేతిలో ఫైబ్రిన్‌కే కుట్టబడి ఉంటుంది, అందుకే గడ్డని సెలైన్‌తో కడిగినా మొత్తం పోదు.

ఖర్చు: యూరోకైనేజ్ 2,900, ప్లేట్లు 600, కాల్షియం 240. మొత్తం 6,220.

దశ 4: ప్లేట్‌లెట్లు తెచ్చిన గందరగోళం

ప్లేట్‌లెట్లున్న ప్లాస్మాకి 1,100 ఆర్పీఎం, 10 నిమిషాలు (మా రోటరుకి సుమారు 160 జీ, అంటే భూమి ఆకర్షణకి 160 రెట్లు), పైపొర మాత్రమే. లెక్క మైక్రోలీటరుకి 3 లక్షలు. లేని ప్లాస్మాకి 3,500 ఆర్పీఎం (సుమారు 1,640 జీ) 15 నిమిషాలు. జీ లెక్క: 1.118ని లక్షతో భాగించి, సెంటీమీటర్లలో వ్యాసార్థంతో, ఆర్పీఎం వర్గంతో గుణించాలి. వేరేవాళ్ల ఆర్పీఎం గుడ్డిగా వాడితే మీ రోటరులో అది వేరే జీ అవుతుంది.

200 యూనిట్ల యూరోకైనేజ్ పోసి చూస్తే ప్లేట్‌లెట్లున్న గుంట 25 నిమిషాలకే సగానికి దిగింది. లేనిది 88. అనుకున్నదానికి పూర్తిగా తలకిందులు. పిల్లలు గ్రాఫు కూడా గీసేశారు. మందు పోయని గుంటలో కూడా అదే దిగుడు కనపడేసరికి టేపు తీసి సూదిమొనతో కదిపి చూశాం. గడ్డ కరగలేదు. గుంట గోడ వదిలేసి మధ్యలోకి ముడుచుకుని గట్టి బొడిపెలా కూర్చుంది. కాంతి పక్కనుంచి దూరిపోతోంది. ప్లేట్‌లెట్లు ఫైబ్రిన్ పోగుల్ని లోపలికి గుంజుతాయి; బతికున్న ప్లేట్‌లెట్లతో మసక కొలిచే ఎవరికైనా ఇది తప్పదు. మందు లేని గుంట ప్రతి వరసలోనూ ఉండాలి.

మార్పు: ప్లేట్‌లెట్లని పగలగొట్టి రసం మాత్రమే కలపడం. పగిలినవి గుంజలేవు, గుళికల్లోని సరుకు మాత్రం బయటికొస్తుంది.

1. ప్లేట్‌లెట్లున్న ప్లాస్మాని మళ్లీ తిప్పి అడుగుకి దింపాలి.
2. అదే మనిషి ప్లేట్‌లెట్లు లేని ప్లాస్మా కొంచెంలో కలిపి, లెక్క చూసుకోవాలి.
3. చలికి మంచుగడ్డలా చేసి కరిగించడం మూడుసార్లు: ఐసూ ఉప్పూ కలిపిన బకెట్టులో, తర్వాత 37 డిగ్రీల నీళ్లలో.
4. గట్టిగా తిప్పి తుక్కు వదిలేసి పైరసం తీసుకోవాలి.

డ్రై ఐసు ఇక్కడెక్కడా దొరకలేదు. ఐసు ఫ్యాక్టరీకి వెళ్తే కుర్రాడు "రొయ్యలెన్ని టన్నులండీ?" అన్నాడు. "రొయ్యల్లేవు బాబూ, రక్తం" అన్నాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆయ్, అయితే దంచినైసే ఇస్తానండి" అని బకెట్టు నింపాడు. మూడు పాళ్లు దంచిన ఐసుకి ఒక పాలు కల్లుప్పు: థర్మామీటరు మైనస్ 17 చూపించింది. చాలు.

రసం కలిపి, 200 యూనిట్ల యూరోకైనేజ్‌తో: 86 నిమిషాలు. కలపకుండా 88. అంటే తేడా లేనట్టే. ఇక్కడ కాగితం మీద లెక్క వేయక తప్పలేదు. యూరోకైనేజ్ ఒక మిల్లీగ్రాము సుమారు లక్ష యూనిట్లు అనుకుంటే, 200 యూనిట్లంటే మి.లీ.కి 2 మైక్రోగ్రాములు, అంటే 2,000 నానోగ్రాములు. ప్లాస్మాలో పీఏఐ-1 మామూలుగా మి.లీ.కి పదుల నానోగ్రాముల్లోనే. ప్లేట్‌లెట్లు మొత్తం వదిలినా వందల్లోకి వస్తుంది, అందులోనూ చాలా భాగం పనిచేయని రూపంలో ఉంటుంది. గోదావరి వరదకి పిడికెడు మట్టితో గట్టు వేసినట్టు. యాంటీప్లాస్మిన్‌ని గెలవడానికి కావలసిన మోతాదులో పీఏఐ-1 కనపడదు.

ఖర్చు: ఐసు, ఉప్పు 180. మొత్తం 6,400.

దశ 5: టీపీఏ, నానోగ్రాముల్లో

టీపీఏ ఫైబ్రిన్ మీద కూర్చుని పనిచేస్తుంది కాబట్టి చాలా తక్కువ చాలు. కొనాలంటే మా వల్ల కాదు. స్ట్రోక్ కేసుకి కలిపాక వయల్లో మిగిలి పారేయాల్సిన ఆల్టెప్లేజ్ (మందుగా తయారుచేసిన టీపీఏ), ఒక ఆస్పత్రి ఫార్మసీ రాతపూర్వకంగా ఇచ్చింది. మి.లీ.కి 1 మిల్లీగ్రాము ద్రావణం. వెంటనే చిన్నచిన్న భాగాలు చేసి ఫ్రీజరులో పెట్టాం, ఒకసారి కరిగించింది మళ్లీ పెట్టలేదు.

1. 20 మైక్రోలీటర్లు + 980 ఆల్బుమిన్ సెలైన్: మి.లీ.కి 20 మైక్రోగ్రాములు.
2. మళ్లీ అందులోంచి 20 + 980: మి.లీ.కి 400 నానోగ్రాములు.
3. గుంటలో 50 ప్లాస్మా, 25 టీపీఏ, 25 కాల్షియం. చివరికి మి.లీ.కి 100 నానోగ్రాములు.
4. రసం కలిపే గుంటల్లో ప్లాస్మానే రసంతో సరిచేసి మొత్తం 50 దాటకుండా చూడాలి.

కొలతలు, ఒకే మనిషి, మూడేసి గుంటల సగటు. రసం అంటే 2.5 లక్షల ప్లేట్‌లెట్లకి సరిపడా.

- టీపీఏ 300: రసం లేకుండా 19 నిమిషాలు, రసంతో 21.
- టీపీఏ 100: రసం లేకుండా 46, రసంతో 97.
- టీపీఏ 50: రసం లేకుండా 130, రసంతో 4 గంటలకీ లేదు.

మోతాదు దిగేకొద్దీ ప్లేట్‌లెట్ల బలం పెరుగుతోంది. పీఏఐ-1 ఒక్కో అణువు ఒక్కో టీపీఏ అణువుని పట్టుకుని తానూ చచ్చిపోతుంది. అందుకే రెండూ సమానంగా ఉన్న చోటే తేడా కనపడాలి, కనపడింది. అయినా రసంలో పీఏఐ-1 ఒక్కటే లేదు, ప్లేట్‌లెట్లలో యాంటీప్లాస్మిన్, ప్రోటియేజ్ నెక్సిన్-1 అనే ఇంకో అడ్డు ప్రోటీను కూడా ఉంటాయి. తేల్చుకోవడానికి టెనెక్టెప్లేజ్ దొరికింది. అది టీపీఏనే కొన్ని చోట్ల మార్చి, పీఏఐ-1 చేతికి సులువుగా చిక్కకుండా తయారుచేసిన మందు. అదే 100 నానోగ్రాములకి: రసం లేకుండా 52, రసంతో 58. మా రసం ఆపుతున్నదాంట్లో పెద్ద వాటా పీఏఐ-1దే అనడానికి ఇంతకంటే చవక సాక్ష్యం మాకు దొరకలేదు.

కంట్రోలుగా, గడ్డని కరగనివ్వదని ముందే తెలిసిన ట్రానెగ్జామిక్ ఆమ్లం. ఇంజెక్షన్ ఆంప్యూలు మి.లీ.కి 100 మిల్లీగ్రాములు; వెయ్యోవంతు చేసి, గుంటలో మళ్లీ పదోవంతు: చివరికి 10 మైక్రోగ్రాములు. టీపీఏ 100తో 3 గంటలకీ గడ్డ అలాగే ఉంది. ఇది ప్లాస్మిన్ కోరని ముయ్యదు, ప్లాస్మినోజన్ ఫైబ్రిన్ లైసిన్లకి తగులుకునే కొక్కేలకి తాను తగులుకుంటుంది. 20 వేల మందికి పైగా క్షతగాత్రుల మీద చేసి 2010లో బయటపెట్టిన క్రాష్-2 పరీక్షలో, దెబ్బ తగిలిన 3 గంటల్లోపు ఇస్తేనే ఈ మందు మేలు చేసింది.

ఖర్చు: ఆంప్యూలు 55. మొత్తం 6,455.

దశ 6: ట్యూబు చేతిలో ఉన్న తేడా

నా లెక్కలో ఈ ప్రాజెక్టులో అందరికీ పనికొచ్చేది ఇదే. ప్లాస్మా అంతా ఒకే రోజు కొలవలేం, ఫ్రీజరులో పెడతాం. ఒకసారి తిప్పిన ప్లాస్మాలో కౌంటరు చూస్తే మైక్రోలీటరుకి 38 వేల ప్లేట్‌లెట్లు. కంటికి తేటగానే ఉంది. అలాగే ఫ్రీజరులో పెట్టి తీస్తే అవి పగిలి సరుకంతా ప్లాస్మాలోకి వదిలాయి.

టీపీఏ 100తో, ఒకే రక్తం:
- రెండుసార్లు తిప్పి, 5 వేల లోపుకి తెచ్చి, తాజాగా: 46 నిమిషాలు.
- అదే, ఫ్రీజరు తర్వాత: 48.
- ఒకసారే తిప్పింది, 38 వేలు, తాజాగా: 49.
- ఒకసారే తిప్పింది, ఫ్రీజరు తర్వాత: 61.

రోగికి పీఏఐ-1 ఎక్కువుందని రాసేముందు ఈ నాలుగు వరసలు గుర్తుండాలి. ఇప్పుడు మా పద్ధతి: మొదటి స్పిన్ తర్వాత పైన మూడొంతుల్లో రెండొంతులు మాత్రమే తీసి, కొత్త ప్లాస్టిక్ ట్యూబులో మళ్లీ 15 నిమిషాలు, కౌంటరులో 10 వేల కన్నా ఎక్కువొస్తే మూడోసారి. రాత్రి కరెంటు పోయి ఫ్రీజరు మెత్తబడిన ట్రేని వాడలేదు, పక్కన పెట్టి 'మెత్తబడింది' అని రాశాం.

వేళ కూడా చూసుకోవాలి. పీఏఐ-1 తెల్లవారుజామున ఎక్కువ, మధ్యాహ్నానికి తగ్గుతుంది. అదే మనిషికి పొద్దున్న 7కి 59, సాయంత్రం 4కి 46. ఒక్క మనిషిదే కాబట్టి దీన్ని ఫలితంగా రాయలేదు, అందరి రక్తమూ ఒకే వేళకి తీయడానికి కారణంగా మాత్రం రాశాం. కనుమ భోజనం చేసి వచ్చినవాళ్ల ప్లాస్మా పాలలా ఉండి, గడ్డ కట్టకముందే 0.6 చూపించింది. పరగడుపున అంటే పరగడుపునే.

మిగిలిపోయింది: టీఏఎఫ్‌ఐ

దీన్ని లేపేది గడ్డ కట్టించే ఎంజైము త్రాంబిన్, నాళం గోడ మీది త్రాంబోమాడ్యులిన్ జత. లేచాక కూడా 37 డిగ్రీల్లో పది నిమిషాలకల్లా సగం చచ్చిపోతుంది. కొలవాలంటే త్రాంబోమాడ్యులిన్ కొనాలి, మా బడ్జెట్టులో లేదు. బంగాళాదుంపలో దీన్ని ఆపే చిన్న ప్రోటీను ఉంటుందని చదివిన ఒకమ్మాయి "సార్, దుంపలు రుబ్బి పిండుకుందామా అండీ?" అంది. ఆలోచన బాగుంది. కానీ దుంపరసంలో ప్లాస్మిన్ జాతి ఎంజైములని (సెరీన్ ప్రోటియేజులని) ఆపేవి కూడా బోలెడు, అవి ప్లాస్మిన్‌నే పట్టేయొచ్చు. గడ్డ నిలిస్తే ఎవరివల్లో చెప్పలేం. శుద్ధి చేసింది కొంటేనే పని.

వచ్చే బ్యాచ్‌కి మిగిల్చినవి: మూడు ట్యూబుల టీపీఏ, సగం బాటిలు 60 మిల్లీమోలార్ కాల్షియం, రెండు ప్లేట్లు. ప్రతి ప్లాస్మా ట్యూబు మీద ఐదు రాయమని బల్ల మీద అంటించాం: తీసిన వేళ, ఎన్నిసార్లు తిప్పింది, మిగిలిన ప్లేట్‌లెట్ లెక్క, ఫ్రీజరులో పెట్టిన తేదీ, ఎన్నిసార్లు కరిగించింది. రెండుసార్లు కరిగించినవి పీఏఐ-1కి వాడకూడదు, పరికరం సరిచూసుకోవడానికి వాడొచ్చు.